సారును ట్రాన్స్‌ఫర్ చేసినారంట, ఇంకేం కావాల?

బడిలో పిల్లలతో తప్పుగా ప్రవర్తించిన సారు గురించి ఆదోని, ఎమ్మిగనూరు పక్క ఏ ఊర్లో అడిగినా ఈ మాట వినబడుతుంది. "ఆ సారు సంగతి బయటపడింది లేప్పా, ట్రాన్స్‌ఫర్ చేసినారు." చెప్పేవాళ్ల మొహంలో ఏదో ఉరిశిక్ష వేయించినంత తృప్తి. ఎక్కడికి చేసినారప్పా? ఇంకో బడికే కదా! అక్కడ పిల్లోళ్లు లేరా? మన పీడను పక్క మండలానికి తోలేసి చేతులు దులుపుకున్నాం, అంతే.

ఈ మధ్య మా చుట్టుపక్కల ఒక బడిలో ఇట్లాంటిదే జరిగింది. ఊరి పేరు, బడి పేరు రాయను. రాస్తే బిడ్డ ఎవరో తెలిసిపోతుంది, పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం అది కూడా నేరమే. జరిగిన పద్ధతి మటుకు చెప్తా. తొమ్మిదో తరగతి పిల్ల మేడంకు చెప్పింది. మేడం హెడ్మాస్టరుకు చెప్పింది. హెడ్మాస్టరు ఇద్దరు సీనియర్ సార్లను కూర్చోబెట్టుకొని "ఎంక్వైరీ" పెట్టినాడు. ఆ పిల్లను ఆ సారు ఎదురుగానే నిలబెట్టి, "ఏం చేసినాడో చెప్పు" అన్నారు. అది తల వంచుకొని చున్నీ కొస వేలికి చుట్టుకుంటా నిలబడిందంట. నోరు తెరవలేదు కాబట్టి ఏమీ జరగలేదని తేల్చినారు. సాయంత్రానికి పెద్దమనుషులు దిగినారు. పిల్ల నాయనతో తెల్లకాగితం మీద సంతకం చేయించినారు: అపార్థం జరిగింది, మాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. అయిపాయ.

ఇందులో ఆ సారు తప్పు ఎంతుందో పోలీసులు, కోర్టు తేల్చాల. హెడ్మాస్టరు తప్పు మటుకు తేల్చడానికి ఎవరూ అక్కర్లేదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ చదివితే చాలు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల మీద, ఆడైనా మగైనా, ఇట్లాంటిది జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాల. రుజువులు అడగలేదు, ఎంక్వైరీ చేయమనలేదు, తల్లిదండ్రుల అనుమతి తీసుకోమని కూడా అనలేదు. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవాడి మీద మాట వచ్చినా సంస్థ పెద్ద మూసిపెడితే ఏడాది దాకా జైలు, జరిమానా. "మన బడి పరువు పోతుంది, లోపలే చూసుకుందాం" అని స్టాఫ్‌రూంలో గొంతు తగ్గించి చెప్పే మాట ఉంది చూడండి, ఆ మాట మీదే కేసు పెట్టొచ్చు.

ఇంక రాజీ కాగితం సంగతి. రాజస్థాన్‌లో ఒక టీచరు మీద విద్యార్థిని నాయన కేసు పెడితే, ఇంట్లోవాళ్లు రాజీ అయినారని 2022లో అక్కడి హైకోర్టు కేసు ఎత్తేసింది. ఆ కుటుంబంతో సంబంధం లేని మనుషులు సుప్రీంకోర్టుకు పోయినారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి కేసు నడవాలంది. ఢిల్లీలోనే చెల్లని కాగితం మా రచ్చకట్ట మీద ఎట్లా చెల్లుతుంది? సంతకం పెట్టించిన పెద్దమనుషులకు ఈ సంగతి ఎవరైనా చెప్పండి. నేను చెప్తే "నీకెందుకమ్మా" అంటారు.

మా కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పక్క బాధ ఇంకోటి ఉంది. వానలు ఎగ్గొడితే ఇంటికి తాళం వేసి, ట్రాలీల్లో సామాన్లు ఎక్కించుకొని గుంటూరు పక్క మిరపకాయల పనికి పోతారు. పిల్లలు అవ్వ దగ్గరో, సీజనల్ హాస్టల్లోనో ఉంటారు. అవ్వకు చెవులు సరిగ్గా వినపడవు. అమ్మ ఫోను రాత్రి తొమ్మిదికి, అది కూడా పది మంది పడుకున్న గుడిసెలో నుంచి. "అమ్మా, ఆ సారు నన్ను..." అని ఎట్లా చెప్తుంది ఆ బిడ్డ? ఇట్లాంటి పిల్లలకు దగ్గరున్న పెద్ద మనిషంటే టీచరే. ఆ టీచరే "మనకెందుకొచ్చిన గొడవ" అంటే ఇంక దారి లేదు. తప్పు చేసేవాడికి కూడా ఇది బాగా తెలుసు. ఎవరి అమ్మానాయన ఊర్లో లేరో చూసుకొని, వాళ్లనే రికార్డు రూముకు పిలుస్తాడు.

ఫిర్యాదుల పెట్టె పెట్టినామంటారా? మావాడి బడిలో ఉంది. హెడ్మాస్టరు గది గుమ్మం పక్కనే! తాళంచెవి అటెండరు దగ్గర. ఒకసారి తెరవమని అడిగితే అందులో సుద్దముక్కలు, చాక్లెట్ కాగితాలు. నలుగురు సార్ల ముందు నడుచుకుంటా పోయి అందులో చీటీ వేసే ధైర్యమున్న పిల్లకు పెట్టె ఎందుకు?

పోలీసుల దగ్గరికి పోతే పిల్ల బతుకు బజారున పడుతుందని తల్లుల భయం. ఆ భయం ఉత్తది అనను. కానీ చట్టం ఏం చెప్తుందో తెలిస్తే అడిగి సాధించుకోవచ్చు. వాంగ్మూలం తీసుకోవడానికి వీలైనంతవరకు మహిళా ఎస్సై ఇంటికే రావాల, యూనిఫాం లేకుండా. రాత్రిపూట బిడ్డను స్టేషన్‌లో ఉంచకూడదు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇయ్యాల. "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ రాయమనండి, అంటే పరిధి చూడకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసేది. స్టేషన్ మెట్లెక్కలేకపోతే 112 ఉంది, పిల్లల కోసం 1098 ఉంది. ప్రతి స్టేషన్‌లో ఇదంతా అడక్కుండానే చేస్తారని నేను నమ్మను, అందుకే అడగాల్సింది ముందే తెలుసుకోమంటున్నా.

కింద కామెంట్లలో "తప్పుడు కేసులు పెట్టి సార్ల బతుకులు నాశనం చేస్తారు" అని రాసేవాళ్లకు ముందే చెప్తా. కావాలని అబద్ధపు ఫిర్యాదు చేసే పెద్దవాళ్లకు ఆ చట్టంలోనే 22వ సెక్షన్ కింద శిక్ష ఉంది. నిజాయితీగా చెప్పినవాళ్లకు రక్షణ కూడా ఉంది. మంచి సార్లకు ఈ చట్టంతో భయమేముంది? తలుపు తెరిచి పాఠం చెప్పేవాళ్లు, రాత్రి పదింటికి పిల్లలకు వాట్సాప్ మెసేజీలు పెట్టనివాళ్లు మాకు చాలామంది తెలుసు.

వచ్చే పేరెంట్స్ మీటింగులో నేను మూడు అడుగుతా. పెట్టె తాళంచెవి బడి బయట ఎవరి దగ్గరైనా ఉంచుతారా? టీచర్లకు, అటెండర్లకు, కాంట్రాక్టు వాళ్లకు పోలీస్ వెరిఫికేషన్ చేయించాలని 2020 పోక్సో నిబంధనల్లో ఉంది కదా, చేయించినారా? 1098 నంబరు ఆడపిల్లల, మగపిల్లల బాత్రూంల దగ్గర గోడ మీద రాయిస్తారా? పెయింటు డబ్బా నేనే కొనిస్తా. అడిగినందుకు మావాడి ఇంటర్నల్ మార్కులు తగ్గిస్తే, అది కూడా ఇక్కడే రాస్తా.