కోడ్ పెట్టినంత మాత్రాన గిరాకీ నంబర్లు రావు

కడప, ప్రొద్దుటూరు వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. పంపేవాళ్లు మారుతున్నారు, సరుకు మాత్రం ఒకటే. క్లుప్తంగా అందులో ఉన్నది ఇది: "మీ వెబ్‌సైట్‌లో మా చిన్న కోడ్ పెట్టండి, చూసిపోయిన ప్రతి ఒక్కరి పేరు, ఫోన్ నంబరు, ఊరు మీ చేతికొస్తాయి. గూగుల్ కుకీలు ఎత్తేసింది, పాత అనలిటిక్స్ ఇక దండగ. యాడ్ మీద ఎన్ని క్లిక్కులు పడితే అంతమంది గిరాకీ వచ్చినట్టే. ఇంకా కావాలంటే జిల్లా నంబర్ల లిస్టు కొని వాట్సాప్‌లో బల్క్‌గా కొట్టండి. ప్రైవసీ చట్టం పెద్ద కంపెనీలకే, మనకు కాదు."

ఐదు మాటలూ తప్పే. కాకపోతే ఒక్కోటి ఒక్కో రకంగా తప్పు.

"పేరు, నంబరు, ఊరు మీ చేతికొస్తాయి"

రావు. ఫోన్ నంబరును బ్రౌజర్ ఏ వెబ్‌సైట్‌కూ చెప్పదు. ఎవరైనా మీ సైట్ తెరిస్తే అనలిటిక్స్ (సైట్‌కు వచ్చిపోయేవాళ్ల లెక్క రాసే సాధనం) కోడ్ పంపేది ఏ పేజీ చూశారు, ఏ లింకు మీదుగా వచ్చారు, స్క్రీన్ కొలత ఎంత, భాష ఏది, ఏ రకం ఫోన్, వీటితో పాటు ఒక గుర్తు సంఖ్య. ఆ సంఖ్య అదే బ్రౌజర్‌లో కుకీగా, అంటే సైట్ దాచిపెట్టే చిన్న రాతగా, కూర్చుంటుంది. విప్పి చూస్తే అంకెల గుత్తులు రెండు, మధ్యలో చుక్క. మొదటి గుత్తి దేనితోనూ సంబంధం లేకుండా పుట్టించిన సంఖ్య. రెండోది ఆ బ్రౌజర్ మీ సైట్‌కు తొలిసారి వచ్చిన సమయం, 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కేసింది. 1700000000 అని ఉంటే మన టైములో 2023 నవంబరు 15 తెల్లవారుజామున 3 గంటల 43 నిమిషాలు. ఆ వేళప్పుడు పట్టుచీరలు చూసిందెవరో మాత్రం అందులో ఉండదు.

పైగా ఆ సంఖ్య బ్రౌజర్‌ది, మనిషిది కాదు. ఒకే ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో యాడ్ నొక్కి ఒకసారి, తర్వాత క్రోమ్‌లో ఒకసారి, ఆఫీసు కంప్యూటర్‌లో ఇంకోసారి చూస్తే రిపోర్టులో ముగ్గురు యూజర్లు. ఇంట్లో నలుగురూ ఒకే ఫోన్లో చూస్తే ఒక్క యూజరే.

పేరు, నంబరు, ఈమెయిల్ లాంటివి గూగుల్ అనలిటిక్స్‌లోకి పంపడాన్ని గూగుల్ నిబంధనలే ఒప్పుకోవు. చాలామంది తెలియకుండా పంపేస్తుంటారు. ఎంక్వైరీ ఫారం 'గెట్' పద్ధతిలో కట్టి ఉంటే, నొక్కగానే తెరుచుకునే థాంక్యూ పేజీ అడ్రసులోనే గిరాకీ నంబరు అతుక్కుంటుంది. అనలిటిక్స్ ఆ అడ్రసును ఉన్నదున్నట్టు ఎత్తుకుపోతుంది. సైట్ కట్టినవాళ్లకు చెప్పి ఫారంను 'పోస్ట్' పద్ధతికి మార్పించాలి. అనలిటిక్స్‌లో డేటా స్ట్రీమ్ తెరిచి 'రిడాక్ట్ డేటా' అన్నచోట, అడ్రసు చివర నంబరు మోసుకొచ్చే పారామీటర్ పేరు రాసిపెడితే ఇకమీదట అది చేరదు.

ఊరి సంగతి ఇంకా విచిత్రం. ఊరిని ఐపీ అడ్రసును (ఇంటర్నెట్‌లో ఆ కనెక్షన్‌కు ఉండే నంబరు) బట్టి అంచనా వేస్తారు. కడపలో మొబైల్ డేటా మీద చూస్తున్న మనిషి ఐపీ చాలాసార్లు ఆ నెట్‌వర్క్ ఇంటర్నెట్‌కు కలిసే గేట్‌వే ఉన్న హైదరాబాదునో, బెంగళూరునో, చెన్నైనో చూపిస్తుంది. రిపోర్టులో హైదరాబాద్ పైన కనబడిందని అక్కడ హోర్డింగులు పెట్టించేవాళ్లున్నారు. చూసింది రాజంపేట నుంచో, మైదుకూరు నుంచో అయ్యుండొచ్చు. ఊరు నిజంగా తెలియాలంటే ఎంక్వైరీ ఫారంలో పిన్‌కోడ్ గడి ఒకటి పెట్టండి. 516తో మొదలైనవాళ్లు ఎంతమందో అప్పుడు తేలుతుంది.

మరి కోడ్ అమ్మేవాళ్లు డెమోలో నంబర్లు చూపిస్తున్నారు కదా అంటే, అవి సాధారణంగా వేరే దారుల్లో వచ్చినవి. ఎవరో పాపప్‌లో తమంతట టైపు చేసినవి కావచ్చు, ఎక్కడో లీకైన లిస్టులోంచి తెచ్చి అతికించినవి కావచ్చు. మూడో దారి అన్నిటికన్నా చెడ్డది. ఫారంలో టైపు చేస్తుండగానే, పంపు బటన్ నొక్కకముందే, ఒక్కో అక్షరాన్నీ ఆ కోడ్ ఎత్తుకుపోతుంది. దీన్ని మీరే పరీక్షించొచ్చు. కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి, మీ సైట్ ఫారం పేజీలో ఎఫ్12 నొక్కి, 'నెట్‌వర్క్' ట్యాబ్‌లోకి వెళ్లండి. ఫారంలో ఏదో ఒక ఉత్తుత్తి పదంకెల నంబరు కొట్టండి, బటన్ మాత్రం నొక్కొద్దు. టైపు చేసేకొద్దీ మీకు తెలియని డొమైన్‌కు కొత్త లైన్లు పోతుంటే ఒకదాన్ని తెరిచి 'పేలోడ్' చూడండి. మీ ఉత్తుత్తి నంబరు అక్కడుంటే కోడ్ గుట్టు బయటపడినట్టే. నంబరును గజిబిజి అక్షరాలుగా మార్చి కూడా పంపొచ్చు కాబట్టి, అక్కడ కనబడలేదని వదిలేయొద్దు. బటన్ నొక్కకముందే లైన్లు ఎందుకు పోతున్నాయో అమ్మినవాణ్ణి అడగాల్సిందే.

"గూగుల్ కుకీలు ఎత్తేసింది"

ఎత్తేయలేదు. క్రోమ్‌లో థర్డ్ పార్టీ కుకీలను, అంటే మీరు చూస్తున్న సైట్ కాక వేరే సైట్లు పెట్టేవాటిని, రెండేళ్లలో తీసేస్తామని 2020 జనవరిలో ప్రకటించింది, వాయిదాల మీద వాయిదాలు వేసింది, 2024 జులైలో ఆ ఆలోచన మానుకుంది. అడిగి ఒప్పించుకునే కొత్త ప్రశ్న కూడా పెట్టబోమని 2025 ఏప్రిల్‌లో చెప్పింది. సఫారీ మాత్రం 2020 మార్చి నుంచే వాటిని పూర్తిగా ఆపేసింది. అసలు, గూగుల్ అనలిటిక్స్ వాడేది ఫస్ట్ పార్టీ కుకీ, అంటే మీ సైట్ పేరు మీదే కూర్చునేది. ఆ గొడవ దీనికి తగలదు. ఐఫోన్ వాడేవాళ్ల విషయంలో ఒక్కటి గుర్తుంచుకోవాలి. జావాస్క్రిప్ట్‌తో పెట్టిన కుకీని సఫారీ 7 రోజులకు చెరిపేస్తుంది కాబట్టి, పది రోజుల తర్వాత తిరిగొచ్చిన పాత గిరాకీ కొత్తవాళ్లుగా కనబడతారు.

"ఎన్ని క్లిక్కులు పడితే అంత గిరాకీ"

ఎక్కువ డబ్బు పోయేది ఈ మాట నమ్మితేనే. మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్) యాడ్స్‌లో 'లింక్ క్లిక్స్' అన్న గడి పక్కన 'ల్యాండింగ్ పేజ్ వ్యూస్', అంటే పేజీ నిజంగా తెరుచుకున్న లెక్క, అన్న గడి కూడా పెట్టుకుని చూడండి. రెండోది తక్కువుంటుంది. వేలు తగిలి నొక్కినవాళ్లు, పేజీ తెరుచుకునేలోపు విసుగొచ్చి వెనక్కి పోయినవాళ్లు ఆ తేడాలో ఉంటారు. తేడా మరీ ఎక్కువుంటే ముందు చూడాల్సింది యాడ్‌ను కాదు, పేజీ బరువును. చీరల ఫొటోలు ఒక్కోటి నాలుగైదు ఎంబీలతో ఎక్కించేసి ఉంటారు. 200 కేబీ లోపుకు తెస్తే ఫోన్లో తేడా కళ్లకు కనబడదు, పేజీ మాత్రం చప్పున తెరుచుకుంటుంది.

అనలిటిక్స్‌లో 'ఎంగేజ్డ్ సెషన్' అంటే 10 సెకన్లకు మించి ఉండటం, లేదా రెండు పేజీలు చూడటం, లేదా మీరు ముఖ్యమని గుర్తు పెట్టిన పని ఒకటి చేయడం. మన ఊళ్లలో ఆ ముఖ్యమైన పని ఆన్‌లైన్ పేమెంట్ కాదు. షాపుకు ఫోన్ కొట్టడం, వాట్సాప్‌లో "ఈ మోడల్ ఉందా అన్నా" అని అడగడం. వాట్సాప్ బటన్ నొక్కితే బయటి లింకు నొక్కినట్టు అనలిటిక్స్ తనంతట నమోదు చేసుకుంటుంది. కాల్ బటన్‌ను పట్టించుకోదు. ట్యాగ్ మేనేజర్‌లో (సైట్‌లో ఇలాంటి కోడ్‌లు పెట్టే, తీసే గూగుల్ సాధనం) 'జస్ట్ లింక్స్' ట్రిగ్గర్ పెట్టి, లింకు 'టెల్' అన్న ఇంగ్లిష్ అక్షరాలతో, పక్కన కోలన్‌తో మొదలైతే ఒక ఈవెంట్ (ఈ పని జరిగిందన్న కబురు) పంపమని చెప్పాలి. అనలిటిక్స్‌లో ఆ ఈవెంట్‌ను 'కీ ఈవెంట్'గా గుర్తు పెట్టాలి. ఇది లేకుండా యాడ్ పనిచేసిందా లేదా అని వాదించుకోవడం వృథా.

గూగుల్ యాడ్స్‌లో ఇంకో గుంట ఉంది. లొకేషన్ కడప అని పెట్టినా, దానికింద 'లొకేషన్ ఆప్షన్స్'లో మొదట్నుంచీ ఎంపికై ఉండేది కడపలో ఉన్నవాళ్లు, లేదా కడప మీద ఆసక్తి చూపినవాళ్లు అన్న గడి. అంటే కువైట్‌లో కూర్చుని కడప పేరు కలిపి వెతికినవాళ్ల క్లిక్కుకూ మీరే కడతారు. ఊళ్లో ఉన్నవాళ్లకే కావాలంటే 'ప్రెజెన్స్' ఒక్కటే ఉన్న గడికి మార్చండి. సెలవుకొచ్చి బంగారం కొనే కువైట్‌వాళ్లే మీకు ముఖ్యమైతే, వాళ్లకు వేరే క్యాంపెయిన్ వేరే బడ్జెట్‌తో నడపండి. రెండూ కలిపి నడిపితే ఏది ఫలించిందో తేలదు.

వాట్సాప్‌లో పంపిన లింకు మీద వచ్చినవాళ్లు రిపోర్టులో 'డైరెక్ట్' కింద పడిపోతుంటారు, ఎక్కణ్నుంచి వచ్చారో తెలియదు. ప్రతి లింకుకూ యూటీఎం తోక, అంటే ఎక్కణ్నుంచి వచ్చారో చెప్పే అదనపు మాటలు, తగిలించాలి: సోర్స్, మీడియం, క్యాంపెయిన్. ఇంగ్లిష్‌లో ఒకసారి చిన్న అక్షరాలతో, ఒకసారి పెద్దక్షరాలతో రాస్తే అవి రెండు వేర్వేరు సోర్సులవుతాయి. అంతా చిన్న అక్షరాల్లోనే రాయాలన్న నియమం పెట్టుకోండి. ఏడురోడ్ల దగ్గర ఫ్లెక్సీకి ఒక క్యూఆర్ కోడ్, ప్రొద్దుటూరు బ్రాంచి కౌంటర్‌కు ఇంకోటి, తోకలు వేరేగా ఉండాలి. మీ సైట్ లోపలి లింకులకు మాత్రం ఈ తోకలు పెట్టొద్దు. పెడితే లెక్క కలగాపులగం అవుతుంది.

షాపులో కుర్రాళ్లు రోజంతా తెరిచే సైట్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. 'ఇంటర్నల్ ట్రాఫిక్' ఫిల్టర్ కట్టి ఊరుకుంటే చాలదు. అది మొదట 'టెస్టింగ్'లో ఉంటుంది, 'యాక్టివ్'కు మార్చాలి. చైనాలోని లాంజౌ, సింగపూర్ నుంచి ఉన్నట్టుండి వందల మంది వచ్చినట్టు, ఎవరూ ఒక్క సెకను కూడా ఆగనట్టు కనబడితే అవి బాట్లు, అంటే మనుషులు కాదు, ప్రోగ్రాములు. మన చీరలకు విదేశాల్లో పేరొచ్చిందని మురిసిపోవాల్సిన పనిలేదు.

"లిస్టు కొని బల్క్‌గా కొట్టండి"

మామూలు వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో 256 మందికి మించి చేర్చలేరు, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. కొన్న లిస్టులో మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లు ఎందుకుంటారు? అందుకే బయటి బల్క్ సాఫ్ట్‌వేర్ అంటగడతారు. కొత్తవాళ్లకు వరసబెట్టి పోయే మెసేజ్‌లు, వాటి మీద పడే 'బ్లాక్', 'రిపోర్ట్' నొక్కులు చూసి వాట్సాప్ ఆ నంబరును నిషేధిస్తుంది. బోర్డు మీద, బిల్లు బుక్కు మీద, క్యారీ బ్యాగు మీద అచ్చేసింది ఆ నంబరే అయితే నష్టం ఎంతో చెప్పనక్కర్లేదు. అధికారిక బిజినెస్ ప్లాట్‌ఫామ్‌లో పంపాలంటే టెంప్లేట్‌కు (ముందే రాసిపెట్టిన మెసేజ్ నమూనా) అనుమతి, పుచ్చుకునేవాళ్ల ఒప్పుదల కావాలి. 2025 జులై 1 నుంచి అక్కడ మెసేజ్‌కు ఇంత అని వసూలు చేస్తున్నారు. ఒప్పుకోనివాళ్లకు పంపిన ప్రతిదానికీ డబ్బు దండగ.

ఎస్ఎమ్ఎస్‌కైతే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం డీఎల్‌టీలో (టెలికాం ఆపరేటర్ల నమోదు వేదిక) సంస్థ, హెడర్ (పంపేవారి పేరు), టెంప్లేట్ మూడూ నమోదు కావాలి. నమోదు లేని మెసేజ్‌ను ఆపరేటరే ఆపేస్తాడు.

"చట్టం మనకు కాదు"

2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో టర్నోవర్ ఇంతకు తక్కువైతే వర్తించదన్న గీత లేదు. గిరాకీ నంబరు ఎందుకు తీసుకోవాలో, ఏం చేయాలో నిర్ణయించేది మీరైతే బాధ్యత మీదే. స్టార్టప్‌ల లాంటి కొన్ని తరగతులకు కొన్ని సెక్షన్ల నుంచి ప్రభుత్వం మినహాయింపు ఇవ్వొచ్చు, అంతే. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వ్యాపారుల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు, అంటే 2027 మే. భద్రత చూసుకోకపోతే 250 కోట్ల దాకా జరిమానా అన్నది గరిష్ఠ హద్దు. తప్పు తీవ్రతను బట్టి ఈ చట్టం కింది డేటా రక్షణ బోర్డు తూకం వేస్తుంది. ఆ అంకె చూపించి బెదిరించి సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లనూ నమ్మొద్దు.

చట్టంలోనే మన అంగళ్లకు సరిపడే ఉదాహరణ ఉంది. మందుల షాపులో కొన్న మనిషి తనంతట నంబరిచ్చి, డబ్బు ముట్టినట్టు మెసేజ్ పంపమంటే, ఆ రసీదు పంపడానికి షాపు ఆ నంబరు వాడుకోవచ్చు. దసరా ఆఫర్లకు అది చెల్లదు. దానికి విడిగా ఒప్పుదల కావాలి, ముందే టిక్ పెట్టి ఉంచిన గడి ఒప్పుదల కాదు. కౌంటర్ దగ్గర, ఫారంలో తెలుగులో ఇలా ఉంటే మొదలుపెట్టినట్టు: "మీ నంబరు బిల్లు పంపడానికి. పండగ ఆఫర్లు కూడా కావాలంటే ఈ గడిలో టిక్ పెట్టండి. తర్వాత వద్దనుకుంటే ఇదే నంబరుకు 'వద్దు' అని పంపండి." ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలో, బోర్డును ఎలా ఆశ్రయించాలో కూడా కింద రాయాలి. ఒప్పుకున్న తేదీని నంబరు పక్కనే దాచుకోండి. 18 ఏళ్లలోపు పిల్లల్ని ట్రాక్ చేయడం, వాళ్లకు గురిపెట్టి యాడ్లు వేయడం చట్టం ఒప్పుకోదు. పిల్లల బట్టల షాపు యాడ్లు తల్లిదండ్రులకే పోవాలి.

మీ తరఫున ఏజెన్సీ తప్పు చేసినా జవాబు చెప్పాల్సింది మీరే. అందుకే ఆ కోడ్ ఇప్పటికే పెట్టించుకుని ఉంటే, ట్యాగ్ మేనేజర్‌లో ఆ ట్యాగ్ తీసేసి పబ్లిష్ నొక్కండి. సైట్ థీమ్ ఫైళ్లలో నేరుగా అతికించి ఉంటే అక్కణ్నుంచీ తీయించండి. వాళ్లకిచ్చిన అడ్మిన్ యాక్సెస్ రద్దు చేసి, పాస్‌వర్డ్ మార్చి, ఎత్తుకున్న డేటా చెరిపేశామని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.