గుంటలే (పిల్లలే) కదా, కెమెరా పెట్టి వదిలేస్తే చాలా?

నవంబరు 14 దగ్గరపడితే విజయనగరం, శ్రీకాకుళం మాస్టార్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది. సారాంశం ఇదీ: “పిల్లలతో సినిమా తీయడమంత సులువు ఇంకోటి లేదు. సత్యజిత్ రే, జపాన్ దర్శకుడు కొరీడా అంతటివాళ్లే పిల్లలకి స్క్రిప్టు ఇవ్వలేదు. కెమెరా పెట్టి వదిలేయండి, వాళ్లే నటిస్తారు. ఆదివారాల్లో కొంచెం కొంచెంగా తీసుకోవచ్చు. ఏడుపు రాకపోతే ఓ మాట అనండి, వచ్చేస్తుంది. యాస డబ్బింగులో సరిచేసుకోవచ్చు. బడి పిల్లలే కాబట్టి పర్మిషన్లు అక్కర్లేదు. చివర్లో నీతి మర్చిపోకండి.” ఫోను పట్టుకుని షార్ట్ ఫిల్ముకి దిగేవాళ్లు చాలామంది దీన్నే నమ్ముకుంటున్నారు కాబట్టి ఒక్కో ముక్కే చూద్దాం.

“స్క్రిప్టు ఇవ్వలేదు.” సగం నిజం, అందుకే ఎక్కువ చెరుపు. ‘నోబడీ నోస్’ (2004)లో కొరీడా పిల్లల చేతికి కాగితం ఇవ్వలేదు, చెప్పాల్సిన మాట అప్పటికప్పుడు చెప్పి తీశాడు. అయితే ఆయన చేతిలో స్క్రిప్టు ఉంది. దాన్ని కథ నడిచే వరసలోనే, ఇంచుమించు ఏడాది పాటు తీశాడు. మనవాళ్లు కాగితం లేకపోవడాన్ని పట్టుకున్నారు, ఏడాదిని వదిలేశారు. రే సంగతి మరీ విడ్డూరం. ‘పథేర్ పాంచాలి’ (1955)లో అపు రెల్లుగడ్డిలో అక్కని వెతుక్కుంటూ నడుస్తాడు. కుర్రాడి నడక బిగుసుకుపోతుంటే, రే అతని దారిలో చిన్న చిన్న పుల్లలు పెట్టించాడు. గడ్డిలో అక్కడక్కడా మనుషుల్ని దాచి, ఒకరి తర్వాత ఒకరి చేత పిలిపించాడు. ఆ పుల్లలు దాటడం, ఆగడం, తల తిప్పడం కలిసి మనకి తెర మీద వెతుకులాటలా కనిపిస్తాయి. అడుగడుగూ లెక్కపెట్టి పరిచిన దారిని ‘వదిలేయడం’ అని ఎలా అంటాం?

ఇందులోంచి తీసుకోవలసింది ఒక్కటే. పిల్లలకి భావం చెప్పకూడదు, పని చెప్పాలి. “బాధగా నడు” అంటే ఏ గుంటడైనా మెడ వాల్చేసి, ఎక్కడో సినిమాలో చూసిన బాధని నడుస్తాడు. “ఈ చిన్న బిందె నూతి దగ్గర్నించి అరుగు దాకా తే, చుక్క తొణక్కూడదు” అనండి. ముఖం సంగతి బిందె చూసుకుంటుంది. బిందెలో నీళ్లుండాలి. ఖాళీది ఇస్తే మోచెయ్యి తేలిపోతుంది, అబద్ధం అక్కడే పట్టుబడుతుంది. అలాగని నిండా పోయొద్దు. రెండో టేకుకే చెయ్యి లాగుతుంది, ఇక పిల్ల ధ్యాసంతా నొప్పి మీదే. సగం చాలు. ఇంకో చిక్కుంది. మూడు నాలుగు టేకులు దాటాక పిల్లలు చెప్పిన పని మానేసి, ముందు టేకుని అనుకరించడం మొదలెడతారు. అది కనబడగానే పని మార్చేయాలి. బిందె బదులు చెంబు ఇవ్వండి, లేదా ఎదురు దిక్కు నుంచి నడిపించండి. “ఇందాకటిలాగే చెయ్యి” అన్న మాట సెట్లో నిషేధించాలి.

కెమెరా పెట్టమన్న పెద్దమనిషి ఎంత ఎత్తులో పెట్టాలో చెప్పలేదు. ఎనిమిదేళ్ల పిల్లలు నిలబడితే కళ్లు సుమారు 115 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. నేల మీద కూర్చుంటే 60 దగ్గర. ట్రైపాడ్ మన ఛాతీ ఎత్తులో బిగించేస్తే ప్రతి షాట్‌లోనూ పాపిడే కనిపిస్తుంది. ట్రైపాడ్ అంత కిందకి దిగకపోతే బేబీ లెగ్స్ (పొట్టి కాళ్ల ట్రైపాడ్) వాడాలి, అవీ లేకపోతే పీట మీద ఇసక సంచి.

“ఆదివారాల్లో కొంచెం కొంచెంగా.” మూడు నెలల ఆదివారాలంటే ఒకటో రెండో తరగతి పిల్లాడి ముందుపళ్లు ఊడిపోవడానికి చాలినంత సమయం. ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఈ ముప్పు తప్పదు. గుమ్మం బయట షాట్‌లో పళ్లుంటాయి, లోపలికి వచ్చేసరికి బోసినోరు. ‘స’ పలికే తీరు కూడా మారిపోతుంది. మన వైపు ఇంకో గండం తలనీలాలు. సగం సినిమా అయ్యాక ఇంటిల్లిపాదీ సింహాచలం వెళ్లి మొక్కు తీర్చుకొస్తే, మీ కథానాయకుడు గుండుతో దిగుతాడు. తప్పు వాళ్లది కాదు, అడగనివాళ్లది. పిల్లల్ని ఎంచుకునే రోజే పళ్లు చూడండి, మొక్కులేమైనా ఉన్నాయా అని ఇంట్లో అడగండి. వీలైతే దసరా సెలవుల్లో వరసగా తీసేయండి. పిల్లల సీన్లు రోజుకి రెండు పేజీలకి మించి పెట్టకపోతే, 12 పేజీల కథకి 6 రోజులు చాలు.

“ఓ మాట అనండి, ఏడుపు వచ్చేస్తుంది.” వస్తుంది. మర్నాడు పిల్ల రాదు. వచ్చినా మిమ్మల్ని నమ్మదు, నమ్మకం పోయాక ఏ సీనూ రాదు. ఏడుపుకి కన్నీళ్లే అక్కర్లేదు కూడా. టేకుకి ముందు యాభై మీటర్లు పరుగెత్తించి, ఆయాసంతో ఉన్నప్పుడు మాట చెప్పిస్తే గొంతు దానంతటదే తెగుతుంది. వెనకనుంచి భుజాలు తీయండి, తర్వాత చూస్తున్న అమ్మ ముఖానికి కట్ చేయండి.

యాస దగ్గర కాస్త ఆగాలి. “నానెల్లను, మాయమ్మ తిడతాది” అన్న పిల్లాడి మీద “నేను వెళ్లను, మా అమ్మ తిడుతుంది” అని డబ్బింగ్ వేశారనుకోండి. ‘నా’కి దవడ కిందకి దిగుతుంది, ‘నే’కి పెదాలు పక్కలకి సాగుతాయి. క్లోజప్‌లో ఆ తేడా దాగదు. పైగా ఆ గొంతు పెద్దవాళ్లదైతే, ఆ పిల్లాడు ఏ ఊరివాడూ కాకుండా పోతాడు. మన యాసని నవ్వులాటకి వాడే అలవాటు సినిమాలది. దాన్ని మన పిల్లల సినిమాలోకి మనమే మోసుకురావడం ఎందుకు? అసలు డబ్బింగ్ అవసరం పడేదే షూటింగులో చుట్టూ ఉన్న చప్పుడు పట్టించుకోకపోవడం వల్ల. కళింగపట్నంలోనో బారువలోనో సముద్రం ఒడ్డున తీస్తే, ఫోను మైకులో కెరటాల హోరు తప్ప మాట మిగలదు. కాలర్ మైకు యూనిఫాం లోపల పెట్టండి. వైరు చర్మానికి టేపుతో అతకకపోతే గుడ్డ రాపిడి గరగరమంటుంది. షాట్ అవగానే పిల్లాణ్ని సరుగుడు తోట లోపలికి తీసుకెళ్లి, ఆ వేడి మీదే అవే మాటలు మూడుసార్లు చెప్పించి రికార్డు చేయండి. పది రోజులాగి స్టూడియోలో చెప్పిస్తే ఆ ఊపు రాదు. ఆ చోటి ఉత్త చప్పుడు కూడా అర నిమిషం తీసి పెట్టుకుంటే, ఎడిటింగ్‌లో అతుకులు కనబడవు.

“పర్మిషన్లు అక్కర్లేదు.” తప్పు. 2017లో సవరించిన బాల కార్మిక నిబంధనల ప్రకారం, ఏ దృశ్య శ్రవణ నిర్మాణంలోనైనా 14 ఏళ్లలోపు పిల్లల్ని తీసుకోవాలంటే షూటింగ్ జరిగే జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్, అనుమతి కావాలి. రోజుకి 5 గంటలు మించకూడదు, విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు, వరసగా 27 రోజులు దాటకూడదు. అయిదుగురు పిల్లలకి కనీసం ఒక బాధ్యుడైన మనిషి ఉండాలి. డబ్బు ఇస్తే అందులో కనీసం 20 శాతం పిల్లల పేరున జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. పిల్లకి ఇష్టం లేకపోతే అమ్మానాన్నలు ఒప్పుకున్నా తీయకూడదు. 2022లో జిల్లాలు మారాయని కూడా గుర్తుపెట్టుకోండి. రాజాం ఇప్పుడు విజయనగరంలో ఉంది, పాలకొండ పార్వతీపురం మన్యంలో. పాత లెక్కన శ్రీకాకుళంలో దరఖాస్తు పెడితే తిరిగొస్తుంది.

ఇక నీతి. అది ఉండాలా వద్దా అన్నది మాస్టారు కాదు, చూసే పిల్లలు తేలుస్తారు. తరగతి గదిలో కిటికీలకి దుప్పట్లు కట్టి, ప్రొజెక్టర్ పెట్టి, మీరు తెర పక్కన పిల్లల వైపు తిరిగి కూర్చోండి. ఎన్నో నిమిషంలో కాళ్లు కదపడం మొదలైందో, ఎవరు పక్కవాణ్ని గిల్లారో రాసుకోండి. నీతి చెప్పే తాతగారు రాగానే గిల్లుళ్లు మొదలైతే, ఆ తాతగారి జోలికి ఎడిటింగ్‌లో వెళ్లక తప్పదు. అయిపోగానే “బాగుందా?” అని అడగొద్దు, “బాగుంది సార్” అని తరగతంతా ఒక్క గొంతుతో అరుస్తుంది. మర్నాడు తలో తెల్లకాగితం ఇచ్చి, గుర్తున్నది గీయమనండి. తాతగారు ఎన్ని కాగితాల్లో ఉన్నారో, బిందె ఎన్నింట్లో ఉందో లెక్కపెట్టుకోండి.