జపాన్ వాళ్లకి యుద్ధం తీయడం రాదు

మంచి మిలిటరీ యానిమే (జపాన్ వాళ్ల యానిమేషన్) ఏదైనా ఉంటే చెప్పన్నా అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు, అందరి కండిషన్లూ దాదాపు ఒకటే, ట్యాంకులుండాలి, బీజీఎం అదిరిపోవాలి, హీరో ఒక్కడే వంద మందిని లేపెయ్యాలి, పోయేవాళ్లంతా అవతలి పార్టీ వాళ్లే అయ్యుండాలి, ముఖ్యంగా ఏడిపించకూడదు. చాలా న్యాయమైన డిమాండ్. బోర్డర్లో ఏదైనా గొడవైన రాత్రి సోఫాలో కూర్చుని న్యూస్ చానెల్ చూస్తూ "వేసెయ్యాల్సిందే" అని స్టేటస్ పెట్టే బాధ్యత గల పౌరుడికి ఆ మాత్రం వినోదం ఉండొద్దా? అందుకే ఆ పౌరుడి తరఫున జపాన్ వాళ్ల పనితనమంతా ఓపిగ్గా పరిశీలించి చాలా బాధతో చెప్తున్నా, వాళ్లకి యుద్ధం తీయడం రాదు. రోబోలు గీస్తారు, అంతరిక్ష నౌకలు గీస్తారు, తీరా మనకి ఊపొచ్చే టైముకి మధ్యలోకి మనుషుల్ని తెచ్చి పెడతారు.

1979 నాటి గండమ్ అనే రోబోల టీవీ సిరీస్ తీసుకోండి. బొమ్మల కంపెనీ స్పాన్సర్, రోబో బొమ్మలు అమ్ముడుపోతే చాలు, ఇంత తేలికైన పని ఇంకోటుండదు. డైరెక్టర్ టొమినో గారు ఏం చేశారంటే, మొదట్లోనే నెల రోజుల పోరులో రెండు వైపులా సగం జనాభా పోయిందని వాయిస్ ఓవర్ వేశారు. పిల్లల షో అండి ఇది! హీరో అమురోకి పదిహేనేళ్లు, మాన్యువల్ చూసుకుంటూ రోబో ఎక్కుతాడు, కొన్నాళ్లకి నేను ఎక్కను పొమ్మని మొండికేసి కెప్టెన్ చేతిలో చెంపదెబ్బలు తింటాడు. రేటింగులు రాలేదు, 52 ఎపిసోడ్లు అనుకున్నది 43కే చుట్టేశారు. 1980లో బండాయ్ వాళ్లు ప్లాస్టిక్ కిట్లు దింపితే మాత్రం జనం ఎగబడ్డారు. అదీ మార్కెట్ తీర్పు, కథ వద్దు ప్లాస్టిక్ ఇవ్వండి అని.

అక్కడితో బుద్ధి రావాలి కదా, రాలేదు. 1989లో గండమ్ 0080 అని ఆరు ఎపిసోడ్లు తీశారు. ఇందులో అల్ అనే పిల్లాడు అచ్చం మనలాంటోడు, యుద్ధమంటే పడిచస్తాడు, ఆకాశంలో రోబోలు కొట్టుకుంటుంటే పరిగెత్తుకెళ్లి వీడియో తీస్తాడు, సైనికుడి బ్యాడ్జి ఒకటి సంపాదించి స్కూల్లో ఫోజు కొడతాడు. ఇంత చక్కటి కుర్రాణ్ణి చివరికి ఏం చేశారో చెప్తే స్పాయిలర్ అవుతుంది గానీ, స్కూల్ అసెంబ్లీలో ప్రిన్సిపాల్ యుద్ధం గురించి మాట్లాడుతుంటే వాడు భోరున ఏడుస్తాడు. పక్కనున్న ఫ్రెండ్స్‌కి పాపం ఎందుకేడుస్తున్నాడో తెలీదు, యుద్ధం అయిపోయిందని బాధేమో అనుకుని, ఏడవకురా, తొందర్లోనే ఇంకోటి వస్తుంది, ఇంకా పెద్దది వస్తుంది అని ఓదారుస్తారు. మొత్తం సిరీస్‌లో నాకు కనెక్ట్ అయిన క్యారెక్టర్లు వాళ్లే. మన టీవీ యాంకర్లు కూడా కాల్పుల విరమణ రోజున మనల్ని ఇట్లాగే ఓదారుస్తారు.

ఇక లెజెండ్ ఆఫ్ ది గెలాక్టిక్ హీరోస్. పెద్ద పేరున్నది, 1988 నుంచి 1997 దాకా 110 ఎపిసోడ్లు, వేల నౌకలు, వెనక బీథోవెన్, మాహ్లర్‌ల సంగీతం. అబ్బ ఇదిరా అనుకున్నా. తీరా హీరో యాంగ్ వెన్‌లీ మిలిటరీ అకాడెమీలో ఎందుకు చేరాడంటే, చేతిలో డబ్బుల్లేవు, అక్కడైతే హిస్టరీ ఫ్రీగా చదువుకోవచ్చని! ఆ హిస్టరీ డిపార్ట్‌మెంట్ కాస్తా మూసేసి యుద్ధ వ్యూహాల కోర్సులోకి తోసేశారు, అంటే కౌన్సెలింగ్‌లో అడిగిన బ్రాంచ్ రాక వచ్చిన బ్రాంచ్‌లో చేరినోడన్నమాట. గెలాక్సీలోనే గొప్ప సేనాని, ఆయన జీవితాశయం పెన్షన్. టీలో బ్రాందీ కలుపుకుని తాగుతూ ఎప్పుడు రిటైరవుతానా అని చూస్తుంటాడు.

అది కూడా క్షమించొచ్చు గానీ మూడో ఎపిసోడ్లో చేసింది క్షమించరానిది. యుద్ధంలో పోయినవాళ్ల సంస్మరణ సభ, రక్షణ శాఖ చూసే ట్రూనిహ్ట్ అనే నాయకుడు బ్రహ్మాండంగా మాట్లాడాడు, హాలు హాలంతా లేచి నిలబడి కేకలు. యాంగ్ ఒక్కడు కూర్చునే ఉన్నాడు. లేవవేంటయ్యా అంటే ఇది స్వేచ్ఛ ఉన్న దేశం, లేవకపోవడం నా ఇష్టం అంటాడు. ఇంతలో జెస్సికా అని, కాబోయే భర్తని ఆ యుద్ధంలోనే పోగొట్టుకున్న అమ్మాయి, నేరుగా స్టేజీ ముందుకొచ్చి, ప్రాణాలివ్వమని చెప్పే మీరు ఎక్కడున్నారు, మీ ఇంట్లోవాళ్లు ఎక్కడున్నారు అని అడిగింది. మైకు ముందు ఎవరైనా అలా అడుగుతారా? అంత ఖర్చుపెట్టి పెట్టుకున్న మీటింగ్, పూలదండలు, బ్యాండు, అంతా పాడైపోలేదూ! గార్డులొచ్చి బయటికి పంపారు గనక సరిపోయింది. ఇలాంటి సీన్లు మన పిల్లలు చూస్తే రేపు మన మీటింగుల్లో కూడా అడుగుతారు, సెన్సార్ బోర్డు వారు గమనించగలరు.

ప్రభుత్వం అంటే ఎట్లా ఉండాలో ఒక్క 86 అనే సిరీస్ (2021) మాత్రం పద్ధతిగా చూపించింది. ఆ రిపబ్లిక్ వాళ్లు మా యుద్ధంలో మృతులు సున్నా, అన్నీ డ్రోన్లే అని రోజూ గర్వంగా ప్రకటిస్తారు. డ్రోన్ల లోపల మనుషులే ఉంటారనుకోండి, కానీ వాళ్లని మనుషుల లెక్కలోంచి ముందే తీసేశారు కాబట్టి సున్నా సున్నాయే. లెక్కలంటే ఇట్లా ఉండాలి.

సాఫ్ట్‌వేర్ వాళ్లకైతే సాగా ఆఫ్ తాన్యా ది ఈవిల్. పాత జన్మలో హెచ్ఆర్‌లో ఉండి జనాన్ని ఉద్యోగాల్లోంచి పీకేసిన ఒక జపాన్ ఆయన, అమ్మాయిగా పుట్టి సైన్యంలో చేరి వెనక ఏసీ గదిలో సేఫ్ పోస్టింగ్ కోసం నానా పాట్లు పడతాడు, ఎంత బాగా పనిచేస్తే అంత ముందుకు ఫ్రంట్‌కి పంపిస్తారు. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అప్రైజల్ చూసినోళ్లకి తెలుసు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి కథతో తీసిన ఇన్ దిస్ కార్నర్ ఆఫ్ ది వరల్డ్ (2016) సినిమా అయితే మరీ అన్యాయం. కురె నేవీ పోర్టు, ఎదురుగా సముద్రంలో యమాతో, అంత పెద్ద యుద్ధనౌక! కొత్త కోడలు సుజు దాన్ని చూసి ఏమంటుందంటే, రెండువేల ఏడొందల మందికి రోజూ వంట ఎవరు చేస్తారు, బట్టలెవరు ఉతుకుతారు అని. గూస్‌బంప్స్ రావాల్సిన చోట గిన్నెలు గుర్తొచ్చాయి. గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్ పేరు నా దగ్గర ఎత్తొద్దు, అందులో ఇద్దరు పిల్లలూ ఒక ఫ్రూట్ డ్రాప్స్ డబ్బా తప్ప నాకు ఆయుధం ఒక్కటీ కనపడలా.

మరి మన కండిషన్లన్నీ తీర్చేది లేదా అంటే ఉంది, ఒక్కటే. మొమొతారో, సముద్రపు దివ్య సైనికులు, 74 నిమిషాలు, స్వయంగా జపాన్ నేవీ డబ్బులిచ్చి తీయించుకున్నది. కోతులు, ఎలుగుబంట్లు, కుక్కలు యూనిఫాం వేసుకుని ముద్దుగా పారాచూట్లలో దిగుతాయి, తెల్లదొరలు వణుకుతూ సరెండర్ అయిపోతారు, ఏడుపు లేదు, పెన్షన్ గొడవ లేదు. ఆఖర్లో పిల్ల జంతువులు చెట్టు మీంచి దూకుతూ ఆడుకుంటాయి, దూకేది ఎక్కడికంటే నేల మీద గీసిన అమెరికా మ్యాపు మీదకి. ఇంత పర్ఫెక్ట్ సినిమా నాకింకోటి దొరకలేదు. రిలీజ్ 1945 ఏప్రిల్. అప్పటికి టోక్యో, ఒసాకా తగలబడి నెలైంది, చూడాల్సిన పిల్లల్ని ఎప్పుడో పల్లెలకి తరలించేశారు కాబట్టి హాళ్లకి పెద్దగా ఎవరూ రాలేదు, అంతకుమించి సినిమాలో లోపం చెప్పడానికేం లేదు.

వైకింగుల కథ విన్‌లాండ్ సాగా చూడొచ్చా అని అడిగేవాళ్లు మొదటి సీజన్‌తో ఆపెయ్యండి, కత్తులు, రక్తం, అన్నీ ఉన్నాయి. రెండో సీజన్లో మాత్రం నాకు శత్రువులెవరూ లేరంటూ హీరో అడవి కొట్టి, మొద్దులు పీకి, దుక్కి దున్ని గోధుమలు పండిస్తాడు, 24 ఎపిసోడ్లు. యుద్ధం చూద్దామని వచ్చినోడికి వ్యవసాయం చూపించడం ఏం పద్ధతి, అన్నదాత ప్రోగ్రాం మాకు పొద్దున్నే ఈటీవీలో ఫ్రీగా వస్తుంది.