సవరణ: రామప్ప ఒక్కరోజు యాత్ర

హైదరాబాద్ నుంచి కారు, గైడు మాట్లాడుకుని వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప ఒక్కరోజులో చూసి రావచ్చని మొన్న రాసిన పోస్టుకు ఈ సవరణ.

అందులో రామప్ప గుడిని ‘నీటిలో తేలే ఇటుకలతో కట్టిన గుడి’ అన్న మాటను ఇలా చదువుకోండి: ఆ తేలిక ఇటుకలు వాడింది శిఖరానికే. గోడలు ఎర్ర ఇసుకరాయి. చూరు కింద ఏటవాలుగా నిలిచిన మదనికలు, అంటే స్త్రీ శిల్పాలు, నల్లరాయి, అద్దంలా నునుపు. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడికి అసలు ప్రాణం ఆ మదనికలేనని నా నమ్మకం. ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులుంటాయి, గైడును అడిగి మరీ చూడండి. తలెత్తి చూడకపోతే దాటిపోతారు.

వరస కూడా మార్చాను. ముందు రామప్పకే వెళ్లండి. వరంగల్ దాటి ఇంకో 65-70 కిలోమీటర్లు ఉంటుంది, చివరికి పెట్టుకుంటే చీకటి పడుతుందన్న టెన్షన్‌తోనే సరిపోతుంది. వరంగల్ కోటలోని కీర్తి తోరణాలు (రాతి ద్వారాలు) సాయంత్రం ఎండలోనూ బాగుంటాయి.

‘గైడుతో కారు’ అంటే డ్రైవరే అన్నీ చెబుతాడని కాదు. శిల్పాలు వివరించే మనిషి వేరు. ఆ ఫీజు కారు అద్దెలో కలిసిందో లేదో బయల్దేరేముందే తేల్చుకోండి.