డ్రై ఐస్ పొగకు తూకం కట్టాలి

పెళ్లి స్టేజీ మీద వధూవరుల కాళ్ల చుట్టూ పాకే తెల్లటి పొగ కార్బన్ డయాక్సైడ్ కాదు. వేడినీళ్ల డ్రమ్ములో డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) ముక్కలు వేయగానే పుట్టే చలికి నీటి ఆవిరి సన్నటి తుంపరగా మారి, శీతాకాలం ఉదయపు మంచులా కనిపిస్తుంది. అసలు కార్బన్ డయాక్సైడ్‌కు, అంటే బొగ్గుపులుసు వాయువుకు, రంగూ లేదు, పట్టించే వాసనా లేదు. అది ఆ మంచుతోపాటే పాకుతుంది, మంచు విడిపోయాక కూడా నేలబారుగా అక్కడే ఉంటుంది. పొగ పోయిందని ఫోటోల కోసం ఇంకో విడత ముక్కలు వేయిస్తారు. రెండో విడత గ్యాసు మొదటి విడత మీద చేరుతుంది. కంటికి మాత్రం రెండుసార్లూ ఒకే పొగ.

ఎంత గ్యాసు? ఒక కిలో డ్రై ఐస్ పూర్తిగా ఆవిరైతే మామూలు వేడిలో దాదాపు 540 లీటర్లు. 25 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న స్టేజీ మీద మోకాలెత్తు, అంటే అడుగున్నర గాలిని లెక్క కడితే సుమారు 21,000 లీటర్లు. అందులోకి 5 కిలోల డ్రై ఐస్ వెళ్తే 2,700 లీటర్ల గ్యాసు చేరినట్టు. గాలి కదలకపోతే అది 12 శాతం పైమాటే. నిజానికి గ్యాసు స్టేజీ మీదే ఆగదు, అంచుల నుంచి కిందికి జారి పలచబడుతుంది. కానీ ఆ జారే చోటే, స్టేజీ ముందు నేల మీద, పిల్లలు కూర్చుని ఉంటారు.

ఈ శాతాలకు అర్థం ఏమిటో చూడాలి. బయటి గాలిలో ఈ వాయువు 0.04 శాతం. ఎనిమిది గంటలు పనిచేసేవారికి ఒప్పుకున్న హద్దు 0.5 శాతం, పావుగంటకు మించకూడని హద్దు 3 శాతం. 4 శాతాన్ని ప్రాణాపాయ స్థాయిగా పరిగణిస్తారు. 10 శాతం దాటితే నిమిషాల్లో స్పృహ తప్పుతుంది. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ఆక్సిజన్ తగ్గిపోవడం వల్లే మనిషి పడిపోతాడనుకుంటారు. ఆక్సిజన్ సరిపడా ఉన్నా సరే, ఈ వాయువు రక్తంలో ఆమ్లతను పెంచుతుంది. ముందు ఆయాసం, తలనొప్పి, గుండెదడ, ఆ తర్వాత మగత.

అందుకే పాత బావిలోకి దిగేముందు దీపం దించి చూసే అలవాటును పూర్తిగా నమ్మకూడదు. దీపం ఆరితే దిగకూడదు, అది నిజం. దీపం వెలుగుతోంది కాబట్టి దిగొచ్చు అనుకోవడమే ప్రాణాల మీదికి తెస్తుంది. 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిసిన గాలిలో ఆక్సిజన్ ఇంకా 20 శాతానికి దగ్గరగానే ఉంటుంది, దీపం హాయిగా వెలుగుతుంది. ఆక్సిజన్ మీటర్లదీ ఇదే లోపం. అవి సాధారణంగా 19.5 శాతం దగ్గర మోగుతాయి. గాలి అక్కడికి దిగాలంటే దాదాపు 7 శాతం కార్బన్ డయాక్సైడ్ కలవాలి. అంటే అలారం మోగేసరికే ప్రాణాపాయ స్థాయి దాటిపోయి ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్‌ను నేరుగా కొలిచే మీటరే కావాలి.

2020 ఫిబ్రవరిలో మాస్కోలో ఒక పుట్టినరోజు వేడుకలో పొగ కోసం ఈత కొలనులో పాతిక కిలోలకు పైగా డ్రై ఐస్ కుమ్మరించారు. ముగ్గురు చనిపోయారు. మూసిన గది, నేలకన్నా కిందుగా ఉండే నీటి మట్టం, ఒకేసారి ఆవిరయ్యేంత నీటి వేడి మూడూ కలిశాయి. అప్పుడే పుట్టిన చల్లటి గ్యాసు గదిలోని గాలికన్నా రెట్టింపు పైగా బరువు. పల్లం ఎటుంటే అటే పోతుంది. 1986 ఆగస్టు 21 రాత్రి ఆఫ్రికాలోని కామెరూన్‌లో న్యోస్ సరస్సు అడుగున కరిగి ఉన్న ఇదే వాయువు ఒక్కసారిగా పైకి తన్ని, లోయల వెంట పారి, 1,700 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఎత్తున ఉన్న గుడిసెలకన్నా లోయలో ఉన్న ఊళ్లే ఎక్కువ బలయ్యాయి.

ఇంతకీ డ్రై ఐస్ మంచుగడ్డలా కరిగి నీరు కాదెందుకు? కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా నిలవాలంటే కనీసం 5.2 బార్ ఒత్తిడి కావాలి. మన చుట్టూ ఉన్నది ఒక్క బారే. కాబట్టి మైనస్ 78.5 డిగ్రీల దగ్గర ఘనం నేరుగా వాయువైపోతుంది. ఫ్యాక్టరీలో చేసేది దీనికి తలకిందులు పని. ఒత్తిడిలో ఉన్న ద్రవాన్ని సన్నటి రంధ్రం గుండా మామూలు గాలిలోకి వదిలితే కొంత ఆవిరవుతూ మిగతాదాన్ని చల్లబరుస్తుంది, ఆ మిగతాది పొడి మంచుగా రాలుతుంది. దాన్ని నొక్కితే దిమ్మెలు. మామూలుగా ద్రవంలో సగం దాకానే మంచుగా చేతికి వస్తుంది.

ద్రవం సంగతి మన ఎండలకు ఇంకా ముఖ్యం. ఈ వాయువు సందిగ్ధ ఉష్ణోగ్రత 31 డిగ్రీలు. అంతకన్నా వేడెక్కితే ఎంత నొక్కినా ద్రవంగా ఉండదు. అంటే మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఆరుబయట పెట్టిన కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లో ద్రవమనేదే లేదు, వాయువుకూ ద్రవానికీ మధ్యస్థ స్థితిలో దట్టమైన పదార్థం ఉంది. ఇదే వాయువుతో నింపే 4.5 కిలోల అగ్నిమాపక సిలిండర్ లోపలి ఘనపరిమాణం సుమారు 6.75 లీటర్లు. సరిగ్గా నింపితే 45 డిగ్రీల వేడిలో ఒత్తిడి 120 బార్ దగ్గర ఉంటుంది. అదే సిలిండర్లో తూకం వేయకుండా ఒక్క కిలో ఎక్కువ కొడితే 200 బార్‌కు చేరుతుంది. అప్పుడు బరస్ట్ డిస్క్ (ఒత్తిడి మితిమీరితే పగిలేలా పెట్టే రక్షణ బిళ్ల) పగిలి మనుషులున్న గదిలోకి గ్యాసంతా వచ్చినా ఆశ్చర్యం లేదు.

ఈ సిలిండర్లకు ఒత్తిడి చూపే మీటరు ఎందుకుండదని అడుగుతుంటారు. లోపల ద్రవం ఉన్నంతసేపూ ఒత్తిడి వేడిని బట్టే ఉంటుంది, మిగిలిన సరుకును బట్టి కాదు. 20 డిగ్రీల దగ్గర నిండు సిలిండరూ 57 బారే, అడుగంటడానికి వచ్చినదీ 57 బారే. వంటగ్యాస్ బండలో ఎంతుందో తూకం వేస్తేనే తెలిసినట్టే ఇదీ. సిలిండర్ మీద ఖాళీ బరువు చెక్కి ఉంటుంది. తూచి, దాన్ని తీసేయాలి. ఉండాల్సిన గ్యాసులో పదో వంతు తగ్గితే, అంటే 4.5 కిలోలకు 450 గ్రాములు పోతే, మళ్లీ నింపించాలి. తేదీ చీటీ చూసి సంతకం పెట్టే తనిఖీకి విలువ లేదు.

డ్రై ఐస్‌కూ ఈ తూకమే కావాలి. ఈవెంట్లవాళ్లు దీన్ని బాక్సుల లెక్కన తెప్పిస్తారు, ఎంట్రీల లెక్కన వాడతారు. ఫంక్షన్ హాలు యజమాని బుకింగ్ పత్రంలో కిలోలు రాయించుకోవాలన్నది నా వాదన. హాలు విస్తీర్ణం వెయ్యి చదరపు అడుగులకు అరకిలో మించకపోతే, అదంతా మోకాలెత్తులోనే నిలిచినా 0.6 శాతం చుట్టుపక్కలే ఉంటుంది. ఇది మొత్తం కార్యక్రమానికి లెక్క, విడతకు కాదు. ఏసీ వేసి తలుపులు మూసిన హాలులో అదే గాలి తిరుగుతుంది కాబట్టి పైకప్పు ఫ్యాన్లను నమ్ముకోకూడదు, నేలకు దగ్గరగా గాలి బయటికి లాగే ఏర్పాటు ఉండాలి. కొలిచే మీటరును కూర్చున్న పిల్లవాడి ముక్కు ఎత్తులో, అడుగున్నర దగ్గర బిగించాలి. సెల్లార్ హాళ్లలో దీన్ని అసలు అనుమతించకూడదు. అల్ట్రాసోనిక్‌తో, అంటే చెవికి వినిపించని శబ్ద తరంగాలతో, నీటినే పొగలా చేసే యంత్రాలు ఉన్నాయి, ఫోటోలో తేడా పెద్దగా తెలియదు.

తినే బల్లల దగ్గరికి డ్రై ఐస్ రాకపోవడమే మంచిది. 2024 మార్చిలో గురుగ్రామ్‌లోని ఒక రెస్టారెంట్‌లో భోజనం తర్వాత మౌత్ ఫ్రెషనర్ అనుకుని డ్రై ఐస్ నోట్లో వేసుకున్నవారికి నోరు కాలి రక్తపు వాంతులయ్యాయి. చూడటానికి పటికబెల్లంలాగే ఉంటుంది మరి.

పెళ్లయ్యాక మిగిలిన ముక్కల విషయంలో కూడా తప్పులు జరుగుతాయి. బిగుతు మూత ఉన్న డబ్బాలోనో సీసాలోనో వేస్తే పేలుతుంది. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీలే, డ్రై ఐస్‌కు అది కూడా వేడే, అక్కడా ఆవిరవుతూనే ఉంటుంది. సింకులో వేస్తే పైపు పగలొచ్చు. అద్దాలు మూసిన కారులో తీసుకెళ్లడం అన్నిటికన్నా ప్రమాదం. లోపలి గాలి 3,000 లీటర్లనుకుంటే 200 గ్రాములు ఆవిరైనా మూడున్నర శాతం. మూత వదులుగా పెట్టిన థర్మోకోల్ పెట్టెతో సహా, పిల్లలూ పశువులూ రాని ఆరుబయట, పల్లం కాని చోట వదిలేయాలి. ముట్టుకోవాల్సి వస్తే తడి గుడ్డతో కాదు, పొడిగా మందంగా ఉన్న తోలు గ్లవుజులతో. మరునాడు పెట్టెను ఎత్తి చూసి, బరువు లేదని తేలాకే తీసేయాలి.