సర్వర్ మారితే యాప్ ఎందుకు తిరగరాయాలి?

వరంగల్, కరీంనగర్ వైపు ఇంజినీరింగ్ కాలేజీల్లో పిల్లలు చేసే ఫైనలియర్ ప్రాజెక్టులు చాలావరకు ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తాయి. వైవా అయిపోతుంది, మార్కులు పడతాయి. అదే యాప్‌ను ఊళ్లో ఒక షాపుకో, ఆఫీసుకో ఇచ్చి నిజంగా నడపాలనుకున్న రోజు టెన్షన్ మొదలవుతుంది.

ఎక్కువమంది దగ్గర ఉండేది విండోస్ ల్యాప్‌టాప్. పైథాన్‌లో వెబ్ యాప్‌లు రాయడానికి వాడే ఫ్లాస్క్ ఫ్రేమ్‌వర్క్‌తో రాసిన యాప్‌ను రన్ చేయగానే, ఇది డెవలప్‌మెంట్ సర్వర్, అసలు వాడకానికి పెట్టొద్దు అని స్క్రీన్ మీదే హెచ్చరిక వస్తుంది. ఎవరో గునికార్న్ అనే సర్వర్ పెట్టమంటారు, అంటే బ్రౌజర్ అడిగింది యాప్‌కు అందించి జవాబును వెనక్కి పంపే ప్రోగ్రామ్. అది యునిక్స్ కుటుంబపు సిస్టమ్‌ల కోసం రాసింది కాబట్టి విండోస్‌లో లేవదు, యునిక్స్‌లోనే ఉండే ఎఫ్‌సీఎన్‌టీఎల్ మాడ్యూల్ లేదని ఎర్రర్ ఇస్తుంది. కుర్రాడు తన కోడ్‌లోనే తప్పుందనుకొని రాత్రంతా దాన్ని కెలుకుతాడు. కోడ్‌లో ఏ తప్పూ లేదు. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడిచే వెయిట్రెస్ అనే సర్వర్‌ను పెట్టుకుంటే అదే యాప్ ఒక్క అక్షరం మారకుండా నడుస్తుంది. రేపు క్లౌడ్‌లో లినక్స్ మెషీన్ తీసుకుంటే అప్పుడు గునికార్న్‌కు మారొచ్చు. మారేది సర్వర్‌ను స్టార్ట్ చేసే కమాండ్ మాత్రమే.

ఇది ఎందుకు సాధ్యమవుతుందో మన క్లాసుల్లో చెప్పడం లేదన్నదే నా బాధ. ఫ్రేమ్‌వర్క్ నేర్పుతున్నాం, దాని కింద సర్వర్‌కూ యాప్‌కూ మధ్య ఉన్న ఒప్పందాన్ని వదిలేస్తున్నాం.

పైథాన్‌లో ఆ ఒప్పందం పేరు డబ్ల్యూఎస్‌జీఐ. 2003 డిసెంబరులో ఫిలిప్ జె. ఈబీ దాన్ని పెప్ 333 అనే పత్రంగా ప్రతిపాదించారు. పైథాన్‌లో మార్పుల కోసం రాసే ప్రతిపాదన పత్రాలను పెప్ అంటారు. అప్పటికి జావాలో సర్వ్‌లెట్లు ఉన్నాయి, ఏ ఫ్రేమ్‌వర్క్‌తో రాసినా సర్వ్‌లెట్ తెలిసిన సర్వర్ మీద నడిపేవారు. పైథాన్‌లో మాత్రం జోప్, క్విక్సోట్, వెబ్‌వేర్ ఇలా ఒక్కో ఫ్రేమ్‌వర్క్‌ది ఒక్కో దారి. ఫ్రేమ్‌వర్క్ ఎంచుకుంటే సర్వర్ కూడా దాదాపు ఖాయమైపోయేది. అపాచీ వెబ్ సర్వర్‌లో పైథాన్‌ను నడిపే మాడ్‌పైథాన్‌ను నమ్ముకొని, దాని సొంత రిక్వెస్ట్ ఆబ్జెక్టు మీద నేరుగా కోడ్ రాసినవాళ్లు దాన్నుంచి బయటపడాలంటే ఆ కోడంతా తిరగరాయాల్సిందే. 2010లో ఆ ప్రాజెక్టునే అపాచీ సంస్థ మూసేసింది. కాజీపేటలో డీజిల్ ఇంజన్ తీసి కరెంటు ఇంజన్ తగిలిస్తే బోగీలను మళ్లీ తయారు చేయరు కదా, కప్లింగ్ ఒకటే కాబట్టి. పైథాన్ వెబ్‌కు అలాంటి కప్లింగ్ డబ్ల్యూఎస్‌జీఐతో వచ్చింది.

ఆ ఒప్పందం చాలా చిన్నది. యాప్ అంటే రెండు ఆర్గ్యుమెంట్లు తీసుకునే ఒక ఫంక్షన్. మొదటిది ఎన్విరాన్ అనే డిక్షనరీ. వచ్చింది పేజీ అడిగే గెట్టా, వివరాలు పంపే పోస్టా, ఏ పాత్ అడిగారు, హెడర్లేంటి అన్నీ అందులో ఉంటాయి. రెండోది స్టార్ట్ రెస్పాన్స్ అనే ఫంక్షన్, దాన్ని పిలిచి 200 ఓకే లాంటి స్టేటస్, హెడర్లు ఇవ్వాలి. ఆ తర్వాత పేజీని బైట్ల రూపంలో తిరిగివ్వాలి. ఇంతే. ఫ్లాస్క్, జాంగో లాంటి ఫ్రేమ్‌వర్క్‌లు లోపల ఎంత పెద్దవైనా సర్వర్ వైపు ఈ ముఖమే చూపిస్తాయి.

ఈ చిన్నతనం వల్ల మధ్యలో ఇంకో పొర పెట్టే వీలు దొరికింది. మిడిల్‌వేర్ అనే ఆ పొర సర్వర్‌కు యాప్‌లా కనిపిస్తుంది, యాప్‌కు సర్వర్‌లా కనిపిస్తుంది. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి ధరలు, తక్‌పట్టీల (అమ్మకం చీటీల) లెక్కలు చూపించే యాప్ ఒకటి ఉందనుకుందాం. ఎవరు ఏ పేజీ చూశారో లాగ్ రాయడం, నెట్‌వర్క్ సరిగా లేని పల్లెల కోసం పేజీని కుదించి పంపడం, అడ్తిదారు (కమీషన్ ఏజెంట్) లాగిన్ సరిచూడటం, ఈ మూడింటికీ పత్తి ధరతో సంబంధం లేదు. వాటిని మూడు పొరలుగా బయట పెడితే, రేపు మిర్చి కోసం వేరే ఫ్రేమ్‌వర్క్‌లో ఇంకో యాప్ రాసినా అవే పొరలు పనికొస్తాయి.

అయితే పొరల వరస తప్పితే ప్రమాదమే. ఒకసారి తయారైన పేజీని దాచిపెట్టి మళ్లీ ఇచ్చే క్యాష్ పొర లాగిన్ పొరకు బయట ఉండి, పాత్ ఒక్కటే చూసి పేజీ ఇస్తే, ఒక అడ్తిదారు బకాయిల పేజీ ఇంకొకరికి కనిపించవచ్చు. కోడ్‌లో ఎక్కడా తప్పు దొరకదు, వరసలోనే ఉంటుంది. ఇంకోటి, దీని గురించి తక్కువమంది మాట్లాడతారు. మిడిల్‌వేర్ ఎన్విరాన్‌లో తనకు తోచిన సమాచారం పెడుతుంది, యాప్ దాని మీద ఆధారపడటం మొదలెడుతుంది. కొన్నాళ్లకు ఆ పొర తీస్తే యాప్ నడవదు. సర్వర్‌తో తెంచుకున్న ముడి పొరతో మళ్లీ పడిందన్నమాట. తీసేసినా యాప్ నడిచేదే అసలైన మిడిల్‌వేర్ అని ఈబీయే తర్వాత రాశారు. లాగిన్ లాంటిదాన్ని అలా ఊరికే తీసేయలేం. కనీసం దేని మీద ఆధారపడ్డామో రాసిపెట్టుకోవాలి.

డబ్ల్యూఎస్‌జీఐకి హద్దులూ ఉన్నాయి. ఒక రిక్వెస్టు, ఒక జవాబు అన్న లెక్కతో పుట్టింది. వేలంలో ధర మారిన క్షణమే ఫోన్లలో మారాలంటే కనెక్షన్ తెరిచే ఉండాలి, అందుకు వెబ్‌సాకెట్లు కావాలి. అలాంటి పనికే ఏఎస్‌జీఐ అనే కొత్త ఒప్పందం వచ్చింది. 2019 డిసెంబరులో జాంగో 3.0 దాన్ని అందుకుంది. పాతదాన్ని పారేయాల్సిన పనేమీ లేదు, మామూలు పేజీలకు అది ఇప్పటికీ చక్కగా సరిపోతుంది. రూబీలో ర్యాక్, పెర్ల్‌లో పీఎస్‌జీఐ, పీహెచ్‌పీలో పీఎస్ఆర్-15 వెనకున్నదీ ఇదే ఆలోచన.

మడికొండలో ఐటీ కంపెనీలు వచ్చాయి, హనుమకొండలో చిన్న టీములు కూడా పని చేస్తున్నాయి. పెద్ద కంపెనీకి సర్వర్లు చూసుకునే మనుషులు వేరే ఉంటారు. నలుగురున్న టీముకు హోస్టింగ్ రేటు పెరిగిన రోజు, కోడ్ ముట్టకుండా ఇంకోచోటికి మారగలగడమే అసలు బలం. కాలేజీల్లో ఫ్లాస్క్ మొదలుపెట్టే ముందు ఒక ల్యాబ్ క్లాసు డబ్ల్యూఎస్‌జీఐకి ఇస్తే చాలు. ఈ ఒప్పందాన్ని అమలు చేసి చూపే డబ్ల్యూఎస్‌జీఐ రెఫ్ అనే మాడ్యూల్ పైథాన్‌తో పాటే వస్తుంది, వేరే ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

మున్సిపాలిటీ అయినా, మార్కెట్ కమిటీ అయినా వెబ్ యాప్‌కు టెండర్ పిలిచినప్పుడు ఒక షరతు చేర్చాలి. అప్పగించే రోజున కాంట్రాక్టర్ ఆ యాప్‌ను కోడ్ మార్చకుండా రెండు వేర్వేరు సర్వర్ల మీద నడిపి చూపించాలి. పైథాన్ యాప్ అయితే డబ్ల్యూఎస్‌జీఐ రెఫ్‌లోనే వాలిడేటర్ ఉంది. అది కూడా ఒక మిడిల్‌వేరే, సర్వర్‌కు యాప్‌కు మధ్య కూర్చొని ఇద్దరూ ఒప్పందం పాటిస్తున్నారో లేదో చూస్తుంది. బిల్లు పాస్ చేసే ముందు ఆ పరీక్ష పెట్టడానికి ఒక పూట పడుతుంది.