కర్త ట్యాంకరు, కర్మ నాది

చిన్నప్పుడు తెలుగు మాస్టారు కర్త, కర్మ, క్రియ ఎన్నిసార్లు చెప్పినా నా బుర్రకి ఎక్కలేదు. నలభై ఏడేళ్లు వచ్చాక, హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ గేటు ముందు, ఒక మంగళవారం పొద్దున ఏడున్నరకి ఎక్కింది. నీళ్ల ట్యాంకరు రివర్స్‌లో వచ్చి నా కారును గుద్దింది. ట్యాంకరు కర్త, కారు కర్మ, గుద్దడం క్రియ. ఆ సమయానికి నేను మూడో అంతస్తులో రెండో ఇడ్లీ మీద ఉన్నాను. వాక్యంలో నేనెక్కడా లేను.

వాచ్‌మన్ కేకేస్తే దిగి వచ్చాను. వెనక బంపర్ ఎడమ మూల లోపలికి పోయింది. టెయిల్ ల్యాంప్ పగిలి, ఎర్ర ముక్కలు ముగ్గు మీద కుంకుమలా పడి ఉన్నాయి. జరగాల్సింది జరిగిపోయినా ట్యాంకరు రివర్స్ హారన్ మాత్రం శ్రద్ధగా మోగుతూనే ఉంది. డ్రైవర్ దిగి, బంపర్‌ని ఒకసారి నిమిరి, "చూస్కోలే అన్నా" అన్నాడు. మా ఇన్సూరెన్స్ ఏజెంటు తర్వాత చెప్పిన దాంతో పోలిస్తే అది చాలా నిజాయితీ గల మాట.

ఏజెంటుకి ఫొటోలు పంపి ఫోన్ చేశాను. "సార్, ఇందులో మీ తప్పు ఏమాత్రం లేదు" అన్నాడు. ప్రాణం లేచి వచ్చింది. "అందుకని క్లెయిమ్ పెట్టకండి. ఎన్‌సీబీ పోతుంది" అన్నాడు.

ఎన్‌సీబీ అంటే నో క్లెయిమ్ బోనస్. ఇది జాగ్రత్తగా నడిపినందుకు ఇచ్చే బహుమతి అని చాలామంది భ్రమ. నేనూ ఆరేళ్లుగా అదే భ్రమలో, స్పీడ్ బ్రేకర్ల దగ్గర పెళ్లికూతురిని దింపినట్టు కారును దింపుతూ వచ్చాను. పేరు మళ్లీ చదవండి. తప్పు చేయకపోతే బోనస్ అని అందులో ఎక్కడా లేదు. అడగకపోతే బోనస్ అని ఉంది. ఏడాది నోరు మూసుకుంటే ప్రీమియంలో 20 శాతం తగ్గింపు, రెండేళ్లకి 25, మూడేళ్లకి 35, నాలుగేళ్లకి 45, ఐదేళ్లకి 50. ఆ తర్వాత ఎంత మౌనం పాటించినా పెరగదు, అదే పరమపదం.

అవును, ఇది వైకుంఠపాళే. కాకపోతే నిచ్చెనలు ఐదున్నాయి, పాము ఒక్కటే. అది ఏ గడిలో ఉన్నా పట్టుకుని సరాసరి సున్నాలో దింపుతుంది. పందెం ఎవరు వేశారని పాము అడగదు. మీరు ట్యాంకర్ని గుద్దినా, ట్యాంకరు మిమ్మల్ని గుద్దినా, నిలబెట్టిన కారు మీద కొబ్బరికాయ పడినా, మీరు క్లెయిమ్ తీసుకుంటే వచ్చే రెన్యువల్‌కి బోనస్ సున్నా.

ఇందుకు కంపెనీలను తిట్టేవాళ్లను నేను సమర్థించను. ఇందులో లోతైన వేదాంతం ఉంది. ఉదాహరణకి, ఈ బోనస్ అనే పుణ్యం కారుది కాదు, యజమానిది. పాత కారు అమ్మేస్తే కొన్నవాడికి ఆ పుణ్యం దక్కదు. కంపెనీ నుంచి కాగితం తీసుకుంటే మూడేళ్ల దాకా మన వెంటే ఉండి, మనం కొనే కొత్త కారుకి అంటుకుంటుంది. ఆత్మ చొక్కా మార్చుకున్నట్టే. కానీ పాపం సంగతి వేరు. మా బావమరిది కారు తీసుకెళ్లి గోడకి రాసుకొచ్చినా పోయేది నా పుణ్యమే. మన పుణ్యాన్ని బంధువులు ఖర్చు చేసే సౌకర్యం గరుడ పురాణంలో కూడా ఉన్నట్టు లేదు.

సరే, అయినా క్లెయిమ్ ఫారం ఎలా ఉంటుందో చూద్దామని తెప్పించాను. ప్రమాద సమయంలో వాహనం నడుపుతున్నది ఎవరు? ఎవరూ కాదు. లైసెన్స్ నంబరు? ఎవరూ కాని వారికి లైసెన్స్ లేదు. వాహనం వేగం? సున్నా. సున్నా రాస్తుంటే పెన్ను ఆగింది. నా వేగమూ సున్నా, నా తప్పూ సున్నా, రేపటి నా బోనసూ సున్నా. ఫారం ఎంత పద్ధతిగా కుదిరిందో!

ఇక లెక్క. వర్క్‌షాప్ వాళ్లిచ్చిన ఎస్టిమేట్ 11,000. బంపర్, ల్యాంపు కలిపి 7,000, పెయింటింగ్, లేబర్ 4,000. నాకు జీరో డెప్, అంటే తరుగుదల కోత పడకుండా కాపాడే యాడ్-ఆన్, లేదు. ప్లాస్టిక్ సామాను మీద తరుగుదల సగం, అంటే 3,500 అక్కడే ఎగిరిపోయింది. కొత్త కారైనా ప్లాస్టిక్‌కి ఇదే రూలు. ప్లాస్టిక్ వెయ్యేళ్లయినా మట్టిలో కలవదని పర్యావరణం వాళ్లు మొత్తుకునేది ఇన్సూరెన్స్ వాళ్లకి ఇంకా చేరలేదు. పెయింట్ మెటీరియల్ మీద ఇంకో 300. ఎవరి తప్పైనా సరే, ప్రతి క్లెయిములో 1,500 సీసీ లోపు కారుకి మన వంతు 1,000. చివరికి చేతికొచ్చేది 6,200.

ఇప్పుడు పోయేది. నా ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అంటే నా కారుకి జరిగే నష్టం కోసం కట్టేది, లెక్క సులువుగా ఉండడానికి, 10,000 అనుకుందాం. 50 శాతం బోనస్‌తో 5,000 కడుతున్నాను. క్లెయిమ్ పెడితే వచ్చే ఏడాది బోనస్ లేదు కాబట్టి 5,000 ఎక్కువ. ఆ పైఏడు 20 శాతం దగ్గర మళ్లీ మొదలు, 3,000 ఎక్కువ. తర్వాత 2,500, ఆపైన 1,500, చివరికి 500. మొత్తం 12,500, దీనిపై 18 శాతం జీఎస్టీ అదనం. కారు పాతబడుతుంటే ప్రీమియం తగ్గుతుంది కాబట్టి కాస్త తక్కువే పడుతుందనుకోండి. ఎలా చూసినా 6,200 తీసుకుని దాదాపు దానికి రెట్టింపు తిరిగి కట్టాలి. మా ఊళ్లో ఇలాంటి వ్యాపారం చేసేవాళ్లని వడ్డీ వ్యాపారులు అనేవారు. వాళ్లు కనీసం ముందు మన కారును గుద్దించేవారు కాదు.

ప్రభుత్వం రేటు ఖరారు చేసే థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టం కోసం కట్టేది, ఇందులో కలపలేదు. నా కారుకి 2022 జూన్‌లో ఖరారైన రేటు 3,416. దానికి ఈ బోనసే వర్తించదు. అక్కడ సాధువైనా దొంగైనా ఒకటే ధర.

"మరి ట్యాంకరుకి థర్డ్ పార్టీ ఉంటుంది కదా, వాళ్ల దగ్గరే రాబట్టుకోండి" అంది మా ఆవిడ. దారి ఉంది. పోలీస్ స్టేషన్‌కి వెళ్లాలి, ట్యాంకరు కాగితాలు సంపాదించాలి, లాయర్ని పెట్టుకోవాలి, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయాలి. బంపర్ కోసం ట్రిబ్యునల్ మెట్లెక్కితే, పక్క బెంచీ మీద కాలు పోయినాయన కూర్చుని ఉంటాడు. ఆయన ముందు నా టెయిల్ ల్యాంప్ ముక్కలు ఎలా బయటికి తీయను? తప్పు ఎవరిదో నిరూపించకుండానే పరిహారం ఇచ్చే సెక్షను కూడా మోటారు వాహనాల చట్టంలో ఉంది, 164వది. చనిపోతే 5 లక్షలు, తీవ్రంగా గాయపడితే రెండున్నర లక్షలు. ఆ సెక్షను కిందికి రావాలంటే నేను రెండో ఇడ్లీ తినకుండా వెళ్లి కారు వెనక నిలబడి ఉండాల్సింది.

అమెరికాలో ఉన్న మా తోడల్లుడికి చెబితే నవ్వాడు. కాలిఫోర్నియాలో మన తప్పు లేని యాక్సిడెంటుకి ప్రీమియం పెంచకూడదట, చట్టమే ఉందట. ఆ చట్టం ఉన్న చోట నీళ్ల ట్యాంకర్లు ఉండవు. అన్నీ ఒకేచోట దొరకవు.

బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఆఫీసు మా హైదరాబాద్‌లోనే, నానక్‌రామ్‌గూడలో ఉంది. వెళ్లి ఒక వినతిపత్రం ఇద్దామనుకున్నాను. ఆ ట్రాఫిక్‌లో కారుకి ముందు బంపర్ కూడా పోతుందేమోనని ఆగాను.

ఏజెంటు మాత్రం ఉపాయం చెప్పాడు. ఎన్‌సీబీ ప్రొటెక్టర్ అని ఒక యాడ్-ఆన్ ఉందట. కాస్త ఎక్కువ కడితే, ఒకటి రెండు క్లెయిములు పెట్టినా బోనస్ పోకుండా కాపాడుతుందట. అంటే ఇన్సూరెన్స్ మీద ఇచ్చే డిస్కౌంటుకి ఇన్సూరెన్స్. "ఆ ప్రొటెక్టర్‌ని ఎవరైనా గుద్దితే?" అని అడిగాను. "సార్, మీరు జోకులేస్తారు" అన్నాడు.

క్లెయిమ్ పెట్టలేదు. మా సందు చివర మెకానిక్ బంపర్‌కి ప్లాస్టిక్ ట్యాగులతో ఆరు కుట్లు వేసి, రంగు కాస్త తేడాగా ఉన్న పాత ల్యాంపు బిగించి, 1,400 తీసుకున్నాడు. పోయిన నెల రెన్యువల్ మెసేజ్ వచ్చింది. 50 శాతం బోనస్ నిలబెట్టుకున్నందుకు అభినందనలు, నేను బాధ్యత గల డ్రైవర్‌నట. మా ఆవిడకి చూపించాను. కుట్లు కనబడకుండా కారును గోడవైపు తిప్పి పెట్టమంది.

తిప్పుతుండగానే ట్యాంకరు వచ్చింది. అదే డ్రైవర్. కిటికీలోంచి తల బయటపెట్టి, నా బంపర్ వంక జాలిగా చూశాడు.

"ఇంకా కొత్తది ఏపిచ్చుకోలేదా అన్నా? ఇన్సూరెన్స్ ఉన్నది గదా!"